మేస్త్రి కట్టిన పన్ను

మొన్న ఘుబ్రాలో డెంటిస్టు నా కింది పన్ను కదిలించి చూసి, పీకెయ్యాలన్నాడు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఇన్నేళ్లూ పన్నుల లెక్కలే రాశారుగా, ఒకటి పోతే పోనీండి" అంది. సరదాకే అంది. నాకు మాత్రం మేస్త్రి గుర్తొచ్చి అన్నం సహించలేదు.

ఇక్కడి గల్ఫ్ ఊరు అల్ హైల్‌లో మా కంపెనీ ఉన్న రోజులవి. నేను అకౌంటెంటును, ఆయన జగిత్యాల వైపు తాపీమేస్త్రి. నాకంటే పెద్దవాడైనా నన్ను 'సారూ' అనేవాడు. సైట్‌లో సెంట్రింగ్ చెక్క తగిలి ముందుపన్ను ఊడిపోయింది. నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, ఆ చేతికెప్పుడూ సిమెంటు వాసనే. కొత్త పన్ను కట్టించుకోవాలని నెలనెలా కొంత దాచేవాడు. సరిగ్గా అప్పుడే ఇక్కడ సరుకుల మీద వ్యాట్ వచ్చింది. జీతాల మీద పన్ను అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా మేనేజరు మహానుభావుడు మాత్రం ఆ వంకన కూలీల జీతాల్లో 'టాక్స్' అని ఒక కటింగ్ పెట్టమన్నాడు. అది ఎవరి జేబులోకి పోతుందో తెలిసే, నా చేత్తోనే టైపు చేశాను. నా వీసా మేనేజరు చేతిలో ఉంది, మా అమ్మాయి ఇక్కడే బడిలో ఉంది. పిరికివాడికి కారణాలకేం కొదవ!

మేస్త్రి జీతం చీటీ పట్టుకుని వచ్చాడు. "సారూ, గీ కటింగ్ ఏంది?"

"సర్కారు పన్ను" అన్నాను, తల ఎత్తకుండా.

గొడవ చేస్తాడనుకున్నాను. ఆయన ముఖం విప్పారింది. "సర్కారుదైతే కట్టుడే గద సారూ. మనం నడిచే రోడ్లు ఊకెనే వస్తయా?" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని మనిషిగా లెక్కగట్టి పన్ను అడిగిన సర్కారు ఇదేనట. రూమ్‌లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడని తర్వాత తెలిసి సిగ్గుతో చచ్చాను. అయినా మరుసటి నెలా అదే కటింగ్ టైపు చేశాను. ఆయన ఆ చీటీలన్నీ పాస్‌పోర్టు కవర్లో భద్రంగా దాచుకున్నాడు. నోట్లో ఖాళీ అలాగే ఉండిపోయింది.

ఊరికి పూర్తిగా వెళ్లిపోయే రోజు ఆఫీసుకొచ్చాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. "నోట్లె పన్ను లేకున్నా సర్కారుకు పన్ను గట్టిన సారూ. గట్టిన్నని ఒక్క కాగితం రాసియ్యరాదు? మా చిన్నబిడ్డ డిగ్రీల కామర్స్ సదువుతున్నది, దానికి సూపిస్త."

"పోస్టులో పంపిస్తాలే" అన్నాను. పంపలేదు.

ఆ అమ్మాయి డిగ్రీ ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఏ దేశంలో దేనిమీద పన్నో తెలిసే ఉంటుంది. ఏదో ఒక రోజు నాన్న పాస్‌పోర్టు కవరు విప్పుతుంది. ఏళ్లు గడిస్తే నా అబద్ధం మాసిపోతుందనుకున్నాను. ఆ ఏళ్లే ఆ పిల్లకు లెక్కలు నేర్పాయి.