వృత్తి అన్న గడిలో నేను రాసిన మాట

నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటోలు ఆగే చోట ఒక చాయ్ బండి ఉంది. పొద్దున అటుగా నడిచినప్పుడల్లా దంచిన అల్లం వాసన తగిలి, నాకు యాదమ్మ గుర్తొస్తుంది. ఆమె పోయిన ఎండాకాలంలో చనిపోయింది. గచ్చిబౌలిలో నేను పద్నాలుగేళ్ళు మేనేజరుగా పనిచేసిన ఆఫీసులో మా అంతస్తులో చాయ్, కాఫీలు ఇచ్చే ప్యాంట్రీ ఆమె చూసుకునేది. ఆమెకు వచ్చే వితంతు పింఛను ఒక నెల ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పటికీ "పాపం, వేలిముద్రలు పడక పింఛను పోయింది" అనుకుంటారు. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నిలబెట్టింది నేను.

యాదమ్మది బోరబండ. మిషను నుంచి వచ్చే చాయ్‌ని ఆమె చాయ్‌గా ఒప్పుకునేది కాదు. ఇంటి నుంచి అల్లం తెచ్చి, దంచి, మాకు విడిగా కాచేది. ఒకసారి నేను ఫోన్‌లో ఎవరి మీదో అరుస్తుంటే కప్పు బల్ల మీద పెట్టి పక్కనే నిలబడింది. "అరుసుడు అయినంక తాగుతరా, తాగినంక అరుస్తరా సార్? చల్లగైతది" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి ఫోన్ పెట్టేశాను. మా నాన్నగారు పోయాక నేను తెనాలి నుంచి తిరిగొచ్చిన రోజు అందరూ వచ్చి పలకరించారు. ఎంత వయసు, ఏం జబ్బు అని అడిగారు. యాదమ్మ మాత్రం "మీ బాపుకు ఏం కూర ఇష్టముండె సార్?" అంది. దోసకాయ పప్పు అని చెప్పబోయి, అన్ని రోజులూ రాని ఏడుపు ఆ ప్యాంట్రీలో ఏడ్చాను. పోయినవాళ్ళ గురించి ఎలా అడగాలో ఆమె దగ్గర నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటున్నాను గానీ, ఆమె భర్త గురించి ఒక్కసారి కూడా అడగలేదు. సెంట్రింగ్ పని చేసేవాడనీ, మా కిటికీలోంచి కనిపించే టవర్లలో ఒకటి కడుతుండగా పైనుంచి పడ్డాడనీ వేరేవాళ్ళు చెబితే విన్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా మాటలు ఎటు తిరిగినా చివరికి పన్నుల మీదకే వచ్చేవి. సుధాకర్ అని కడప అతను, నా పక్క జట్టు మేనేజరు, స్థలాల వ్యాపారం కూడా చేసేవాడు. "మనం కట్టే పన్నులన్నీ ఊరికే పంచి పెడతాండారు సామీ. ఇట్ల ఇస్తా పోతే పనికి ఎవడొస్తాడు? మా ప్లాట్ల కాడ గుంత తవ్వే మనిషి దొరకడం ల్యా" అన్నాడు ఒకరోజు. నేను అతనికన్నా ఒక అడుగు ముందుకేశాను. పని చేసుకోగలిగినవాళ్ళకు పింఛన్లేమిటండీ, సోమరితనం నేర్పడం కాకపోతే అన్నాను. బల్ల తుడుస్తున్న యాదమ్మ చేయి ఆగింది.

"మీ అమ్మగారికి గూడ పించిని వస్తదంటిరి గద సార్?"

"అది వేరు యాదమ్మా. మా నాన్నగారు ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్ళు ఉద్యోగం చేశారు. ఆయన పోయాక అమ్మకి ఇస్తున్నారు."

"మా ఆయన గూడ పనే చేసిండు సార్," అంది ఆమె. గొంతులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. సుధాకర్ నవ్వి, "యాదమ్మను ఎమ్మెల్యేగా నిలబెడదాం పా" అన్నాడు. ఆమె కూడా నవ్వి గుడ్డ పిండుకోవడానికి వెళ్ళింది. అందరి ముందూ అలా అడిగిందన్న చిరాకు నాకు కొన్నాళ్ళు ఉంది.

ఆ చిరాకు పోకముందే ఆమె ఒక సర్వే ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. పింఛను తీసుకునేవాళ్ళంతా వివరాలు మళ్ళీ రాసివ్వాలట. "మీరైతే తప్పు పోకుంట రాస్తరు సార్. కాలనీల పోరగాళ్ళు ఏదో ఒకటి గీకుతరు" అంది. ఆమె ఆధార్ కార్డు చూసి పేరు, భర్త పేరు, ఊరు రాసుకుంటూ వృత్తి అన్న గడి దగ్గరకు వచ్చాను. "కూలి అని రాయుండ్రి సార్. అందరు గట్లనే రాపిచ్చుకుంటున్నరు" అంది. ఆమె మెడలో, పనికి పెట్టిన ఏజెన్సీ వాళ్ళ కార్డు వేలాడుతోంది. దాని మీద ఆమె పేరు కింద 'హాస్పిటాలిటీ ఎగ్జిక్యూటివ్' అని ఉంది. నేను అదే రాశాను, 'ప్రైవేటు కంపెనీ' అని కూడా చేర్చాను. చదివి వినిపిస్తే, "గింత పెద్ద కొలువా సార్ నాది?" అని మురిసిపోయింది.

ఆమెను గౌరవించి రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొంతవరకు అది నిజమే. రాత్రింబవళ్ళు హోదాల మధ్య బతికే మాలాంటివాళ్ళకు కూలి అన్న మాట రాయడానికి చేయి రాదు. కానీ ఉన్నది ఉన్నట్టు రాస్తే అర్హత ఉందో లేదో వాళ్ళే తేలుస్తారులే అని కూడా ఆ క్షణంలో అనుకున్నాను. భోజనాల బల్ల దగ్గర మాట్లాడిన మనిషే ఆ పెన్ను పట్టుకున్నాడు.

రెండు నెలలకు పింఛను ఆగింది. యాదమ్మ ఫోన్ తెచ్చి "ఏందో జర చూడుండ్రి సార్, పరేషాన్ అయితుంది" అంది. ఆమె పింఛను నంబరు కొట్టి చూశాను. 'ప్రైవేటు ఉద్యోగి, అనర్హులు' అని వచ్చింది. ఆమెకు చదువు రాదు. నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"ఏదో టెక్నికల్ సమస్య," అన్నాను.

"నా వేళ్ళే సార్. గిన్నెలు తోమి తోమి అరిగినయి. ఆ మిషన్ల పడతలేవు కావచ్చు."

"అయ్యుండొచ్చు," అన్నాను.

అప్పటి నుంచి ఆమె పొద్దున్నే వేళ్ళకు కొబ్బరినూనె రాసుకునేది. తొడుగులు లేకుండా కప్పు కడిగేది కాదు. పూట సెలవు పెట్టి సేవా కేంద్రానికి వెళ్ళి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ వేళ్ళు వెలుగులో పెట్టి నాకు చూపించేది. "ఇప్పుడు జర గీతలు కనపడుతున్నయి గద సార్?" కనపడుతున్నాయి అనేవాణ్ణి. చెప్పడానికి నాకు ప్రతిసారీ ఒక అవకాశం వచ్చింది. మొదటిసారి చెప్పనివాణ్ణి రెండోసారి చెబితే, మొదటిసారి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. అక్కడే ఆగిపోయాను.

తర్వాతి ఏడు మా కంపెనీ చాలామందిని తీసేసింది. అందులో నేనూ ఉన్నాను. పని చేయకుండానే కొన్ని నెలల జీతం చేతికిచ్చి పంపారు. డబ్బాలో సామాను సర్దుకుంటుంటే యాదమ్మ చాయ్ తెచ్చింది. విషయం విని, "పని పోతే గిట్ల ఇస్తరా సార్? మంచిగైంది. ఇగ కొన్ని దినాలు ఫికర్ లేదు. తిని, జర పండుండ్రి" అంది. ఆ డబ్బుతో నేను ఇంట్లో కూర్చున్నంత కాలం నన్నెవరూ సోమరి అనలేదు. అపార్ట్‌మెంట్లో కనిపించినవాళ్ళు, కాస్త విశ్రాంతి అవసరమేలెండి అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె వేళ్ళు గుర్తొచ్చేవి. అయినా బోరబండ వెళ్ళడానికి నాకు మరో ఐదు నెలలు పట్టింది.

అప్పటికి ఆమె పని మానేసింది. మూత్రపిండాలు పాడయ్యాయి, వారానికి రెండుసార్లు దవాఖానకు వెళ్ళి వచ్చేది. తర్వాత నేను తప్పు దిద్ది మళ్ళీ పెట్టించిన దరఖాస్తు తేలకముందే పోయింది. నేను వెళ్ళిన రోజు రైల్వే స్టేషను వెనక సందులో, రేకుల గదిలో, మంచం మీద లేచి కూర్చుని నాకు కుర్చీ చూపించింది. నేను కూర్చోలేదు.

"యాదమ్మా, నీ వేళ్ళల్లో ఏ లోపమూ లేదు. ఫారంలో ఉద్యోగి అని నేను రాయబట్టి పింఛను ఆగింది. ఫోన్‌లో చూసిన రోజే నాకు తెలిసింది."

ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది.

"తెలిసినంక గూడ చెప్పలేదా సార్?"

"చెప్పలేదు."

"రాసుడంటే ఎవలకైన తప్పు పోతది. చెప్తే అయిపోవు గద. నేను ఎన్నిసార్లు తిరిగిన." గోడ వైపు చూస్తూ అంది. "ఒక్క పైసల కోసమే గాదు సార్. నెలకొకసారి పించినిచ్చే కౌంటర్ కాడ మా ఆయన పేరు పెట్టి, ఆయన భార్య అని నన్ను పిలుస్తుండె. ఇంట్ల ఇంకెవలు ఆ పేరు తియ్యరు. నేను నోట తియ్యద్దు. ఆ ఒక్క పిలుపు ఇనేతందుకు పొద్దుగాల్నే పోయి కూసుందును."

ఆ పేరు నాకు తెలుసు. ఆ ఫారంలో నా చేత్తోనే రాశాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"మల్లయ్య గారి భార్య యాదమ్మ గారూ," అన్నాను. "తప్పు నాది. నన్ను మన్నించండి."