టీచరమ్మ కలిపిన చివరి చిటికెముద్ద

మా క్రాఫ్ట్ టీచరమ్మ ఇక లేదు. ఆ కబురు దవాఖాన నుంచి ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. చెప్పాడని కూడా అనలేను. ఆయన నోరు తెరిచేలోపే నేను మొదలుపెట్టాను: "అన్నా, ఇడ్లీలు తీసుకొని బయలెల్లుతున్న. చట్నీల ఉప్పు తక్కువేసిన, టీచరమ్మకు చెప్పు." అవతల ఏడుపు వినబడింది. ఇడ్లీల గిన్నె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ముందురోజు సాయంత్రం ఎద పట్టుకుని ఆటో ఎక్కుతూ ఆమె మాతో అన్నది ఒక్కటే మాట: "జర దవాఖానకు పోయొస్త. ముద్ద డబ్బా మూత వెట్టున్రి, దుమ్ము వడ్తది." వస్తానని చెప్పి రాని మనిషి మీద నాకు ఇంకా కోపం పోలేదు.

ఆమె వనపర్తిలో ఆడపిల్లల బడిలో కుట్లు, అల్లికలు నేర్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. తన ఇంటి ముందు గది మా ఆడవాళ్ల సంఘానికి ఇచ్చేసింది. అక్కడ మేం పాలిమర్ క్లేతో పూసలు, కమ్మలు చేస్తాం. పేరుకు మట్టేగానీ అది మట్టి కాదు. గాలికి ఆరదు, ఎండకు ఎండదు. చిన్న కరెంటు ఓవెన్‌లో కాలిస్తేనే గట్టిపడుతుంది. మాకు అది రంగుముద్ద. గద్వాల చీర అంచుకు సరిగ్గా కలిసే కమ్మలంటే మా దగ్గరికే వస్తారు. నేత ఇంటి మనిషి అయిన మా రాజోలి వదిన పట్టుపోగులు పక్కన పెట్టుకుని రంగు కలుపుతుంది. మిగిలినవాళ్లవి పార, తట్ట పట్టిన చేతులు.

మొదటి ఎండాకాలంలో మేం చేసిన ఘనకార్యం వింటే నవ్వుతారు. టీచరమ్మ ఏదో పని మీద నాగర్‌కర్నూల్ వెళ్లింది. ఆమె వచ్చేలోపు పని ముగించి శభాష్ అనిపించుకుందామని పూసలన్నీ చాటల్లో పరిచి, పైన పల్చటి గుడ్డ కప్పి, వడియాల్లాగా మిద్దె మీద ఎండకు పెట్టాం. కాకులు రాకుండా ఒకరిని కాపలా కూడా ఉంచాం. ఆమె వచ్చేసరికి పూసలు వెన్నలా మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని, చాట ఈనెల గీతలన్నీ ఎక్కించుకుని కూర్చున్నాయి. తిడుతుందని మేం తలలు దించుకున్నాం. ఆమె మెట్ల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "కాకులు తినలే గదా, సంతోషం" అంది. ఆ చాటగీతల పూసలను అలాగే కాల్చి దండ గుచ్చుకుని మెడలో వేసుకుంది. తర్వాత గద్వాలలో ఒకామె అలాంటి దండే కావాలని పట్టుబట్టింది. ఇప్పటికీ ఆ చాటపూసలు మేం చేస్తూనే ఉన్నాం.

ఒక్క విషయంలో మాత్రం ఆమె వదిలేది కాదు. ముద్ద మీద వేలు పెడితే గీతలు పడతాయి. కాలిస్తే అవి అలాగే ఉండిపోతాయి. అందుకని ఓవెన్‌లోకి పోయే ముందు ప్రతి పూసనూ వెలుగులో తిప్పి చూసేది. ఎక్కడన్నా వేలిగుర్తు కనబడితే వెనక్కి ఇచ్చేది. "బ్యాంకులల్ల ఏసిన ఏలిముద్రలు చాలవా? పూస మీద గూడ ఎందుకు పిల్లా?" అనేది. సంతకం రానివాళ్లకు పని అయ్యాక పలక ఇచ్చి కూర్చోబెట్టేది కూడా ఆమే.

ఇక చిటికెముద్ద సంగతి చెప్పాలి. పని మొదలుపెట్టే ముందు ప్రతివాళ్లూ తమ ముద్దలోంచి ఒక చిటికె తీసి స్టీలు డబ్బాలో వేయాలి. ఏ రంగైనా సరే. సంఘాల ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసిపెట్టినట్టే. సాయంత్రం టీచరమ్మ వాటన్నిటినీ కలిపి పిసికేది. ఎక్కువ పిసికితే అంతా బురదరంగు అయిపోతుంది. రంగులు చారలుగా నిలిచి ఉండగానే ఆపి, బొటనవేలితో పైన ఒక్క నొక్కు నొక్కి మూత పెట్టేది. అక్కడితో ఆ రోజు పని ముగిసినట్టు. ఎవరింట్లోనైనా చావో, కాన్పో, రోగమో వచ్చి పనికి రాలేకపోతే ఆ ముద్దతో మిగతావాళ్లం పూసలు చేస్తాం. అమ్మిన పైసలు ఆ పనికి రానామె ఇంటికి పోతాయి.

ఒకసారి అవి నా ఇంటికే వచ్చాయి. నేను సంఘంలో కొత్తగా చేరిన రోజుల్లో మా ఆయన పుణెలో కట్టడం మీది నుంచి పడి చనిపోయాడు. దినాలు కాగానే వలస కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రి వచ్చాడు. చంటిబిడ్డను మా అమ్మ దగ్గర వదిలి పనికి రమ్మన్నాడు. ఇంకో దారి కనబడక మూట కట్టుకున్నాను. అంతలో టీచరమ్మ వచ్చి నా చేతిలో పైసలు పెట్టింది.

"నాకు ధర్మం వద్దు టీచరమ్మా" అన్నాను.

"ధర్మమని ఎవరన్నరు? ఇది నీ పనే బిడ్డా, చేతులు మాత్రం మావి." తర్వాత మేస్త్రి వైపు తిరిగి, "నువ్వు చాయ్ తాగిపో నాయినా" అంది.

నా మూట ఆమే విప్పింది. చీరలన్నీ మడతలు సరిచేసి మళ్లీ దండెం మీద వేసింది. నా బిడ్డ ఇవాళ నా పక్కలో పడుకుంటోందంటే ఆ రోజు ఆమె రావడం వల్లే.

దినాలు అయ్యాక మేం ఆ గది తలుపు తీశాం. కిటికీ పక్కన డబ్బా ఉంది. మూత తీస్తే ఆమె కలిపిన చివరి ముద్ద. పైన ఆమె బొటనవేలి గుంట, అందులో సన్నటి గీతలు. ఇన్నాళ్లూ మా వేలిగుర్తులు చెరిపించిన మనిషి తనది వదిలిపెట్టి పోయింది. రాజోలి వదిన డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో.

"గిట్లనే ఓవెన్ల వెట్టి కాలుద్దాం" అంది చివరికి. "గట్టిపడ్తది. మనం ఉన్నన్నాళ్లు ఉంటది."

అందరికీ అదే మనసులో ఉంది. నేను ఓవెన్ స్విచ్ వేశాను.

అప్పుడే గడప దగ్గర తెలకపల్లి పిల్ల నిలబడింది. ఈ మధ్యనే చేరింది. చంకలో బిడ్డ, చేతిలో మూట. "మా ఆయనకు నడుము లేస్తలేదక్కా. మేస్త్రి రేపు బండి వెడ్తుండు, నేను పోత. బిడ్డను అమ్మ కాడ ఇడ్సిపోవాలె. టీచరమ్మకు చెప్పిపోదామనుకుంటి. ఇప్పుడు ఎవరికి చెప్పాలె?"

టీచరమ్మా, ఇది కూడా మాతోనే చేయిస్తావా అనుకున్నాను. వదిన నా ముఖం చూసింది. డబ్బాను నా వైపు జరిపింది.

ఓవెన్ ఆపేశాను. ఆ గుంటలో నా బొటనవేలు పెట్టాను. ఆమె వేలు నా వేలికన్నా వెడల్పు. ముద్ద చల్లగా, బిర్రుగా ఉంది. కళ్లు మూసుకుని పిసికాను. తెరిచి చూసేసరికి గుంట లేదు. చారలు పోకుండా ఆపమని చెప్పడానికి ఎవరూ లేరు కాబట్టి నేనే ఆపాను. అందరం తలా కొంచెం తుంచుకుని పూసలు చుట్టాం. వదిన ఆ పిల్ల చేతిలోని మూట తీసుకుని, "ఇది నీ పనే బిడ్డా" అంది. మిగతా సగం నేను చెప్పాను.

సాయంత్రం ఆ పిల్ల మేస్త్రికి ఫోన్ చేసి రానని చెప్పింది. కొంచెం ముద్ద మిగిలితే మళ్లీ డబ్బాలో వేశాం. పైన వేలు నొక్కడానికి ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. అందరం దాని చుట్టూ ఊరికే నిలబడ్డాం. ఎందుకు నిలబడ్డామో తెలియని తెలకపల్లి పిల్ల, బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని డబ్బా అందుకుంది.

"దుమ్ము వడ్తది గదా అక్కా" అని మూత పెట్టింది.