దూదేకే దేవుడు

మా అమ్మ దేవుణ్ణి చర్చిలో అందరిలా ‘తండ్రీ’ అని పిలవడం నా చిన్నప్పుడు ఎప్పుడో గాని వినలేదు. ఎందుకని అడిగితే, “ఆ మాటంటే మా బాపు యాదికొస్తడు బిడ్డా” అనేది. మా తాత తాగొచ్చి ఇంట్లో అందరినీ కొట్టిన మనిషి. పోనీ కాపరి అందామా అంటే, అదీ ఆమెకు కుదిరేది కాదు. మాది శాలిబండ. మా గల్లీలో గొర్రెలను తోలుకుపోయేవాడు నేరుగా కసాయి దుకాణానికే తోలుకుపోయేవాడు. “గసుంటోని వెంట నేనెందుకు పోవాలె?” అని నవ్వేది.

అందుకని తనకు తెలిసిన పేర్లతోనే పిలిచేది. పొద్దున్నే బొగ్గుల కుంపటి రాజేస్తూ, కళ్ళు తెరిచే ఉంచి, పక్కింటావిడతో ముచ్చట పెట్టినట్టు దేవుడితో మాట్లాడేది. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాడు వచ్చిపోయిన మర్నాడు దేవుడు కళాయివాడు. “నా లోపల చిలుమెక్కింది ప్రభువా, జర మెరుగువెట్టు.” మా నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఆయనతో కొట్లాడిన రోజు దేవుడు కండక్టరయ్యేవాడు. “నేనింక ఎక్కనే లేదు, రైట్ అనకు. జరసేపు ఆగు.” నేను కిసుక్కుమంటే, “ఏందే నగుతున్నవ్? కండక్టరంటే ఆయనకు తెల్వదా?” అని గదిమేది.

ఆ పేర్లన్నింటిలోకీ ఆమెకు ఇష్టమైనది వేరే ఉంది. అమ్మ చుట్టుపక్కల ఇళ్ళకు బొంతలూ దిండ్లూ కుట్టేది. చలికాలం మొదలవకముందే మొఘల్‌పురా నుంచి దూదేకే ముసలాయన భుజాన విల్లు వేసుకుని వచ్చేవాడు. మేమంతా చాచా అనేవాళ్ళం. మా వాకిట్లో పాత పరుపు విప్పి దూది కుప్ప పోస్తే, ఆ విల్లు నారిని కొయ్యతో కొడుతూ ఏకేవాడు. వాకిలంతా దూదే, మా జుట్టు నిండా దూదే. ఒకసారి మా నాయనమ్మ ఏళ్ళ తరబడి మంచం పట్టి పడుకున్న పరుపు విప్పారు. లోపలి దూది గట్టిగా గడ్డలు కట్టింది. పారేద్దామంది అమ్మ. చాచా ఒప్పుకోలేదు. “రూయీ మర్తీ నై బేటీ, దబ్ జాతీ హై” అన్నాడు. దూది చచ్చిపోదు, అణిగిపోతుంది, అంతేనట. ఆ సాయంత్రానికి అదే దూది పాత గలేబులో పట్టనంత పొంగింది.

మర్నాటి నుంచి దేవుడు దూదేకేవాడు. చాచా మళ్ళీ వచ్చినప్పుడు ఆ సంగతి అమ్మ ఆయనకే చెప్పింది. ఆయన విల్లు కింద పెట్టి రెండు చెవులూ ముట్టుకున్నాడు. “తౌబా తౌబా. ముఝే వహాఁ మత్ బిఠావ్ బేటీ” అన్నాడు. నన్ను తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టకు అని బతిమాలాడన్నమాట. అన్నాడే గాని, గల్లీ మలుపు తిరిగేదాకా నవ్వుకుంటూనే పోయాడు.

మా సంఘంలో వారానికొకరి ఇంట్లో కూడిక పెట్టేవాళ్ళు. చివర్లో గొలుసు ప్రార్థన. చాప మీద గుండ్రంగా కూర్చున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నోరు తెరిచి ప్రార్థించాలి. అమ్మ ఎప్పుడూ ఒక్క ‘స్తోత్రం’తో సరిపెట్టి పక్కవాళ్ళకు వదిలేసేది. ఒక వారం ఆ కూడిక మా ఇంట్లో పడింది. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగారు మొదటిసారి మా గడప తొక్కారు. అమ్మ పక్కన లాల్‌దర్వాజా నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల, పెళ్ళయి రెండేళ్ళు కూడా కాలేదు, కూర్చుని ఉంది. తొలిచూలు బిడ్డ పోయి నెలలవుతున్నా ఆమె ఏడ్వలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

వంతు అమ్మ దగ్గరికొచ్చింది. అమ్మ ఆ పిల్ల వీపు మీద చెయ్యి వేసింది.

“ప్రభువా, నువ్వు దూదేకెటోనివి. ఈ పిల్ల మీద మస్తు బరువు వడ్డది. అణిగిపోయింది గని సావలే. నీ విల్లు తియ్యి. మెల్లగ ఏకు, పోగు తెగకుండ ఏకు. మళ్ల పొంగనియ్యి.”

ఆ పిల్ల బావురుమంది. అన్ని నెలలుగా ఆపుకున్నదంతా అమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆ తర్వాత నేను ఎన్నో ప్రార్థనలు విన్నాను, పెద్ద పెద్ద సభల్లో మైకుల్లో చేసినవీ విన్నాను. అంత సూటిగా తగిలింది ఇంకొకటి లేదు.

‘ఆమెన్’ అనగానే సంఘపెద్ద ఒకాయన, “దేవుణ్ణి సాయిబును చేసిపెట్టింది” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పాస్టరుగారు నవ్వలేదు. కఠినంగానూ మాట్లాడలేదు. చాయ్ తాగాక అమ్మను పిలిచి, “మీ మనసు మంచిదేనమ్మా. కానీ దేవుణ్ణి నోటికొచ్చిన పేరుతో పిలవకూడదు. గ్రంథంలో ఆయనకు ఘనమైన పేర్లున్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక కాసేపు ఉండండి, నేను నేర్పిస్తాను” అన్నారు.

“అట్లనే అయ్యగారు” అంది అమ్మ. అందరూ వెళ్ళిపోయాక నాన్న, “మనకెందుకీ లొల్లి? ఆయన చెప్పినట్టే చెయ్యి” అన్నాడు.

అమ్మ నేర్చుకుంది. ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. “మహోన్నతుడవైన మా తండ్రీ, రాజులకు రాజా, మంచి కాపరీ” అంటూ, అయ్యగారి కోస్తా సాగదీతతో సహా పట్టేసింది. స్త్రీల కూడికలో ప్రార్థన చేయడానికి అందరికన్నా ముందు ఆమెనే పిలవడం మొదలుపెట్టారు. నాన్న మురిసిపోయాడు. ఇంట్లో మాత్రం కుంపటి చడీచప్పుడు లేకుండా అంటుకునేది. ఒక పొద్దున నేనే ఉండబట్టలేక, “అమ్మా, ఇయ్యాల దేవుడెవరే?” అన్నాను.

“అట్ల అడగొద్దు బిడ్డా, తప్పు” అంది. తల ఎత్తలేదు.

ఇంకా బాధేమిటంటే, కొన్నాళ్ళకు అదే అయ్యగారు, దేవుడు పిల్లల్ని రెక్కల కింద దాచుకునే కోడిలాంటివాడని ప్రసంగించారు. మట్టి తొక్కే కుమ్మరిలాంటివాడన్నారు. నేను అమ్మ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని అన్నీ బుద్ధిగా వింది. కోడికి దొరికిన చోటు మా చాచాకు దొరకలేదు. ఎవరైనా లేచి ఆ మాట అడిగి ఉంటే ఏమయ్యేదో. ఎవరికీ తట్టలేదు, చెప్పిన ఆయనకూ తట్టలేదు.

చాచా రావడం మానేశాడు. దూది ఏకే మిషన్లు వచ్చాయి. నా పెళ్ళయింది, నాన్న రిటైరయ్యాడు.

ఎనభైల్లో ఒకసారి నేను పుట్టింట్లో ఉండగా గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఎప్పుడో వేరే ఊరికి బదిలీ అయిపోయిన ఆ అయ్యగారే. జుట్టంతా నెరిసింది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. అమ్మగారు, అంటే ఆయన భార్య, పోయి ఏడాదవుతోందని చెప్పారు. అమ్మ ఆయన్ను బొంత మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఆయన తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకున్నారు.

“ఏడాది నుంచీ ప్రార్థన చేయలేకపోతున్నానమ్మా” అన్నారు. “ఆ రోజు మీరు ఆ పిల్ల కోసం చేశారే. దూదేకేవాడని. అది నా కోసం ఒకసారి చేస్తారా?”

అమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. కొంగు నెత్తిన కప్పుకుంది. కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు ఒకటి రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. ‘దూదేకెటోనివి’ అన్న మాటను నేనే అందిద్దామనుకున్నాను. అంతలో ఆమె గొంతు సవరించుకుంది.

“మహోన్నతుడవైన మా తండ్రీ, రాజులకు రాజా, మంచి కాపరీ...”

ఒక్క తప్పు లేదు. ఆయన మాటలే, ఆయన సాగదీతే, ముగింపుదాకా. అయ్యగారు తల వంచుకుని విన్నారు. ‘ఆమెన్’ అన్నారు. అమ్మ కళ్ళు తెరిచి, పాఠం అప్పజెప్పిన పిల్లలా ఆయన మొహంలోకి చూసింది.

“మంచిగొచ్చిందా అయ్యగారు?” అంది.

ఆయన గ్లాసు కింద పెట్టారు. “బాగా వచ్చిందమ్మా” అన్నారు.