స్వరూపత్త పొద్దుటి పరుగు

మా చిన్నతనంలో శివనగర్ గల్లీల్లో ఊరికే పరుగెత్తేవాళ్లు ఉండేవారు కాదు... ఎవరైనా పరుగెత్తారంటే బస్సు తప్పిపోతోందనో, ఇంట్లో ఎవరికో బాగాలేదనో అర్థం.

అందుకే మా స్వరూపత్త మొదటిరోజే గల్లీని భయపెట్టింది. అత్త అంటే నాన్న చెల్లెలు. మా పక్క వాటాలో ఉంటూ రోజంతా కుట్టుమిషన్ తొక్కేది. షుగర్ వచ్చింది, రోజూ గంటసేపు నడవమన్నాడు డాక్టర్.

"గంట నడిస్తే జాకెట్లు ఎవలు కుడుతరు? ఉరికితే అర్ధగంటల ఒడుస్తది" అంది అత్త.

తొమ్మిదేళ్ల నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, నాన్న పాత కాన్వాస్ బూట్లలో గుడ్డపేలికలు కుక్కి... మూలమీద చాయ్ హోటల్ రాజయ్య తాత మమ్మల్ని చూసి, పొయ్యి మీద గిన్నె వదిలేసి వెంటబడ్డాడు.

"ఏమైందే స్వరూపా, దవాఖానకా?"

"ఏం కాలే కాకా... ఊకెనే ఉరుకుతాన."

"ఊకెనే ఎవలన్న ఉరుకుతరా?"

వారం తిరిగేసరికి చీరతో లాభం లేదని తనే సల్వార్ కుట్టుకుని వేసుకుంది... జన్మలో మొదటిసారి. నానమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాకు ఆయాసం వస్తోందని, ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, తర్వాతి స్తంభం దాకా నడక అని ఏర్పాటు చేసింది. వాకిళ్లలో అప్పుడే చల్లిన పేడనీళ్ల సానుపు వాసన... మా పేట చివర పాత కోట మట్టికట్ట చేరేసరికి చెమట పట్టిన మెడ మీద చల్లగాలి... అత్త ముఖంలో మిషన్ దగ్గర ఎన్నడూ చూడని నవ్వు.

ఒకరోజు ఆ కట్ట దగ్గరే అత్త కూలబడింది. చేతులు వణుకుతున్నాయి. ఏమీ తినకుండా షుగర్ గోలీ వేసుకుని వచ్చిందట.

"బిడ్డా... రాజయ్య కాకనడిగి జర శక్కర పట్కరా" అంది మెల్లగా.

ఆ రోజు నేను ఒక్క స్తంభం దగ్గరా ఆగలేదు. నా మాట పూర్తికాకముందే తాత సీసా నీళ్లలో చక్కెర పోసి, నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని తొక్కాడు. తాగిన కాసేపటికి అత్త తేరుకుంది.

"ఇగ చాలు నీ ఉరుకుడు. ఇంట్ల కూసో" అన్నాడు తాత. ఇంట్లోనూ అందరిదీ అదే మాట.

ఇక అయిపోయిందనుకుని మర్నాడు నేను ముసుగుతన్ని పడుకున్నాను. అత్త వచ్చి దుప్పటి లాగింది.

"రొట్టె తిన్న. జేబుల బెల్లం పెట్టుకున్న. లే."

వానాకాలానికి వెనక గల్లీ మేరమ్మ టీచర్, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మాతో కలిశారు. వాళ్ల సల్వార్లు కూడా అత్తే కుట్టింది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక పార్కులో పరుగెడతాను... మంచి బూట్లున్నాయి, చేతికి వాచీ ఉంది. ఏడాదిగా నా పక్కనే పరుగెత్తే ఆవిడ పేరు మాత్రం తెలియదు. అత్తకు అరవై దాటాయి, మోకాళ్ల వల్ల నడకే. నలుగురూ చూస్తుండగా అలా గడప దాటడానికి ఎంత గుండె కావాలో ఆ వయసులో నాకు తెలియలేదు...

మీ గల్లీలో అలా ముందుగా అడుగేసినావిడ ఎవరు? ఆమె సంగతి కింద రాయండి... మా అత్తకు చదివి వినిపిస్తాను.