ఊదుడు మిషనూ, జగ్గమ్మ తరవాణీ

గజపతినగరం నుంచి విజయనగరం వెళ్ళే రోడ్డు మీద పొద్దున్నే నిలబడితే, పసుపురంగు కాలేజీ బస్సులు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోవడం కనిపిస్తుంది. వాటిల్లో ఒక్కటి మాత్రం ఎవర్నీ తరమదు. గతుకు ఎదురైతే పెద్దమనిషికి దారిచ్చినట్టు తగ్గి, పక్కనుంచి ఒద్దికగా వెళ్ళిపోతుంది. అది త్రినాథ్ బస్సు. నడుస్తున్న ఆ బస్సులో కూర్చుని ఆడపిల్లలు కళ్ళకి కాటుక పెట్టుకుంటారు. డ్రైవరుకి ఇంతకన్నా సర్టిఫికెట్టు ఏం కావాలి?

త్రినాథ్ మందు ముట్టడు. ముట్టకపోవడానికి కారణం వాళ్ళయ్య నూకయ్యే. నూకయ్య మంచివాడు, బండి తోలడంలో మొనగాడు. కానీ మానాపురం సంతకి వెళ్ళేటప్పుడే ఆయన బండి తోలేవాడు, తిరిగొచ్చేటప్పుడు తోలేవాడు కాదు. కల్లుపాక దగ్గర ఆగి, కడుపు నింపుకుని, బండిలో వెల్లకిలా పడుకునేవాడు. ఎద్దులే దారి చూసుకుని ఇంటికి తెచ్చేవి. "మా ఇంట్ల మొదటి డ్రైవర్లు ఎడ్లే" అని త్రినాథ్ ఇప్పుడు నవ్వుతూ చెబుతాడు. చిన్నప్పుడు మాత్రం నవ్వలేదు. వీధి పిల్లలు కేకలేస్తూ వెంటపడితే, తల్లి లక్ష్మణమ్మతో కలిసి తండ్రిని బండిలోంచి దించేటప్పుడు వాడికి భూమిలోకి దిగిపోవాలనిపించేది. అందుకే స్టీరింగు పట్టిన మొదటినాడు తల్లి చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో, లారీ డ్రైవర్ల నడుమ, ఎక్కడా ఆ ఒట్టు తప్పలేదు. తోటివాళ్ళు సోడా త్రినాథ్ అని పేరు పెట్టినా అదీ బాగానే ఉందనుకున్నాడు.

ముట్టేది ఒక్కటే, తరవాణి. ఈ జిల్లాల వాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, బయటివాళ్ళ కోసం చెప్పాలి. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు, రాత్రి మిగిలిన పిడికెడు మెతుకులు ఒక కుండలో పోస్తూ ఉంటే, అది తనపాటికి తాను పులుస్తుంది. పైన తేరిన తేట తీసి, ఉప్పేసి, దబ్బాకు నలిపి తాగితే వడదెబ్బ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. త్రినాథ్ భార్య జగ్గమ్మ కాపరానికి వచ్చిననాడు అత్తగారు తాళాలగుత్తి ఇవ్వలేదు, ఆ ఇంట్లో తాళం వెయ్యదగ్గ వస్తువేదీ లేదు. తరవాణి కుండ చేతికిచ్చింది. ఆనాటినుంచి ఆ కుండ ఒక్కపూట కూడా ఖాళీ కాలేదు. జగ్గమ్మ తరవాణి కోసం పక్క వీధివాళ్ళు చెంబు పట్టుకుని వస్తారు, ఆవిడకి అదో గొప్ప.

తెల్లారగానే త్రినాథ్ స్టీలు క్యానులో తరవాణి పట్టుకుని, ఊరి పక్కనే ఉన్న కాలేజీ షెడ్డుకి నడిచి వెళతాడు. టైర్లు తట్టి చూస్తాడు, అద్దం తుడుస్తాడు. అప్పుడు బస్సు మెట్టు మీద కూర్చుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ క్యాను ఖాళీ చేస్తాడు. మీసం తుడుచుకుని బండి ఎక్కుతాడు. తరవాణి పడకపోతే తన కాలు క్లచ్చి మీదకి వెళ్ళదని ఆయన నమ్మకం. నిజమే కాబోలు, ఏనాడూ పరీక్షించి చూసుకోలేదు.

మొన్న వేసవిలో కాలేజీ యాజమాన్యం ఒక మిషను కొన్నది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, దానికో గొట్టం. గొట్టంలో ఊదితే ఊదినవాడు తాగాడో లేదో చెప్పేస్తుంది. డ్రైవర్లందరూ దాన్ని ఊదుడు మిషను అన్నారు. బస్సుల వ్యవహారం చూసే మేనేజరు కూర్మనాథం గారు ఆ పొద్దున్న స్వయంగా షెడ్డుకి వచ్చారు. ఆయనది తరతరాలుగా గుడి సేవ చేసిన కుటుంబం. నుదుట నామం, మాటలో పొదుపు. అబద్ధం చెప్పినవాణ్ణి క్షమిస్తారేమో గానీ తాగినవాణ్ణి క్షమించరు. ఇకపై రోజూ ఊదాకే తాళాలిస్తానని చెప్పారాయన.

డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు జరిగారు. ముఖ్యంగా గంగరాజు, రాత్రి మేనల్లుడి పెళ్ళిచూపులు బాగా జరుపుకుని వచ్చినవాడు, అందరికన్నా వెనక్కి జరిగాడు. త్రినాథ్‌కి నవ్వొచ్చింది. అప్పుడే క్యాను ఖాళీ చేసి మీసం తుడుచుకుంటూ ముందుకొచ్చి, గుండెల నిండా గాలి పీల్చి ఊదాడు.

మిషను కీచుమని అరిచింది. ఎర్రలైటు వెలిగింది.

మిషను పాడైందనుకుని కూర్మనాథం గారు తానే ఊదారు. సున్నా చూపించింది. గంగరాజు చేత ఊదించారు. వాడి పెళ్ళిచూపులు ఎప్పుడు దిగిపోయాయో గానీ వాడికీ సున్నాయే. మళ్ళీ త్రినాథ్ ఊదాడు, మళ్ళీ అరిచింది. కూర్మనాథం గారు మిషను వంక, త్రినాథ్ వంక మార్చి మార్చి చూశారు. సొంత తమ్ముడు దొంగతనం చేస్తూ దొరికినట్టు ఆయన ముఖం వాడిపోయింది. ఈ పూటకి ఇంటికి వెళ్ళమన్నారు.

ఇంటికొచ్చిన మొగుణ్ణి జగ్గమ్మ ముందు వాసన చూసింది. ఉల్లిపాయ కంపు తప్ప ఏమీ లేదని తేల్చింది. త్రినాథ్‌కి తనమీద తనకే అనుమానం వచ్చి, నిద్రలో లేచి ఎక్కడైనా తాగొచ్చానా అని అడిగాడు. జగ్గమ్మ మూతి తిప్పి, అసలు సంగతి ఇదీ అని రోగం కనిపెట్టింది.

"ఒంట్ల ఏడి సేసీసింది మావా. ఆ ఏడి గాలి మిషనుకి తగిలితే అరవదేటి? రేపు కుండ అడుగు తరవాణి పోస్తాను, సల్లగ తాగీసి ఊదు."

కుండ అడుగు తరవాణి అంటే బాగా పులిసినది. ముక్కుకి దగ్గరగా పెడితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మర్నాడు త్రినాథ్ అది రెండు క్యాన్లు పట్టుకెళ్ళి, దేవుణ్ణి తలుచుకుని ఆఖరి చుక్కదాకా తాగి, వెంటనే ఊదాడు. ఈసారి మిషను అరిచిన అరుపుకి షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కూర్మనాథం గారు తల ఎత్తకుండానే మాట్లాడారు. సోమవారం ఒక్క అవకాశం ఇస్తాననీ, అప్పుడూ ఇంతే అయితే ఆ బండి తాళాలు ఇక శాశ్వతంగా గంగరాజువేననీ చెప్పారు.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. త్రినాథ్ ఏ చెట్టు కిందా కూర్చోలేదు, అయినా ఊరు ఊరంతా అనేసింది. టీకొట్టు దగ్గర ఎవరో, నూకయ్య కొడుకే కదా, నెత్తురెక్కడికి పోతుంది అన్నారు. ఆ మాట త్రినాథ్ చెవిన పడింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా ఆ మాటే ఎక్కువ కోసింది. ఇన్నేళ్ళు గతుకుల్లో కూడా తొణక్కుండా తెచ్చుకున్న పేరు, వేలెడంత మిషను ఒలకబోసేసిందే అని కుమిలిపోయాడు.

అక్కడ బస్సులో పరిస్థితి ఇంకోలా ఉంది. గంగరాజు గతుకుల్ని తప్పించేవాడు కాదు, వెతుక్కుని మరీ ఎక్కించేవాడు. ఆడపిల్లల కాటుక చెంపలకి పాకింది. గజపతినగరంలో ఎక్కే గౌతమి మేడమ్ తల కిటికీ ఊచకి తగిలి బొప్పి కట్టింది. ఆవిడ ఆ కాలేజీలోనే కెమిస్ట్రీ పాఠం చెబుతుంది. త్రినాథ్ ఏడని అడిగితే, తాగి దొరికిపోయాడని గంగరాజు చెప్పాడు. ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడం ఒక్కటే అయితే ఊరుకునేదేమో, బొప్పి కూడా ఉండబట్టి సాయంత్రం నేరుగా త్రినాథ్ ఇంటికి వెళ్ళింది.

ఎండనపడి వచ్చిన ఆడకూతుర్ని ఊరికే కూర్చోబెడితే జగ్గమ్మ జగ్గమ్మే కాదు. ఇంట్లో ఎంత దుఃఖముంటేనేం, గ్లాసు నిండా తరవాణి తెచ్చి చేతికిచ్చింది. గౌతమి ఒక గుక్క తాగి, ఆగి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. నోరు చుర్రుమంది. ఇది రోజూ ఏ వేళకి తాగుతారని అడిగింది. బండి ఎక్కే ముందని త్రినాథ్ చెప్పాడు. ఊదడానికి ఎంత ముందని మళ్ళీ అడిగింది.

"తాగడం, మూతి తుడుసుకోడం, ఊదడం. మజ్జిన ఏటీ నేదమ్మా" అన్నాడు త్రినాథ్.

గౌతమి ఫక్కున నవ్వింది. ఏడవాల్సిన చోట ఈవిడ నవ్వుతుందేమిటా అని మొగుడూపెళ్ళాలు మొహాలు చూసుకున్నారు. సోమవారం కుండనే షెడ్డుకి పట్టుకురమ్మని చెప్పి ఆవిడ లేచింది.

సోమవారం పొద్దున్న జగ్గమ్మ తరవాణి కుండ నెత్తిన పెట్టుకుని షెడ్డులోకి నడిచింది. డ్రైవర్లంతా చుట్టూ మూగారు. గౌతమి కూర్మనాథం గారితో, ముందు మీరు ఊదండి సార్ అంది. ఆయన ఊదారు, సున్నా. అప్పుడు జగ్గమ్మ గ్లాసు నింపి ఆయన ముందు పెట్టింది.

ఆయన ముఖంలో ఏదో కదిలింది. వాళ్ళింట్లోనూ ఉండేదట ఇలాంటి కుండ. తల్లి పోయాక గంజి పోసేవాళ్ళు లేక అటకెక్కిందట. మొదట మొహమాటంగా చప్పరించారు, తర్వాత కళ్ళు మూసుకున్నారు, తర్వాత గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. వచ్చిన పని మరిచిపోయి, ఇంకాస్త ఉందా అని అడిగారు. ఆ రెండోదీ అయ్యాక గౌతమి మిషను చేతికిచ్చింది. ఆయన ఊదారు.

మిషను కీచుమంది.

నామం పెట్టుకున్న కూర్మనాథం గారు, పొద్దున్నే, తాగి డ్యూటీకి వచ్చారు. నవ్వితే ఏమవుతుందోనని గంగరాజు తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఆఖరికి ఆయనే మొదలెట్టారు. పొట్ట ఊగేలా నవ్వుతుంటే నామం చెమటకి కరిగి ముక్కు మీదకి దిగింది.

గౌతమి అప్పుడు విప్పి చెప్పింది. "ఇందులో ఒక బుల్లి బ్యాటరీ లాంటిది ఉంది సార్. దానికి తిండి స్పిరిట్టు. ఊపిరిలో స్పిరిట్టు తగిలితే కరెంటు పుడుతుంది, ఎంత తగిలితే అంత కరెంటు. ఆ కరెంటునే అంకెగా చూపిస్తుంది. పులిసిన దేంట్లో అయినా చిటికెడు స్పిరిట్టు ఉంటుంది. అది సీసాలోంచి వచ్చిందా, జగ్గమ్మగారి కుండలోంచి వచ్చిందా అని మిషను అడగదు."

అంటే తాగినట్టే కదా అని కూర్మనాథం గారు కంగారుపడ్డారు. కాదంది గౌతమి. మత్తెక్కేంత తాగితే అది నెత్తురులో చేరుతుంది, నోరు కడిగినంత మాత్రాన పోదు. ఇది నోట్లో అంటుకున్న తడి మాత్రమే. పుక్కిలించి కాసేపు ఆగితే ఉండదు. కావాలంటే చూడమంది.

త్రినాథ్ కూడా ఓ గ్లాసు తాగి, ఊది, అరిపించి, మేనేజరుగారితోపాటు కుళాయి దగ్గరకి వెళ్ళాడు. ఇద్దరూ పుక్కిలించి వచ్చి బస్సు మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు, బడి బయట నిలబెట్టిన పిల్లల్లాగా. ఈ అంకె సున్నా కాకపోతే త్రినాథ్ పేరు మళ్ళీ ఎప్పటికీ తనది కాదు. జగ్గమ్మ కుండకి చెయ్యి ఆనించి, ఆ కుండకే మొక్కుకుంటున్నట్టు నిలబడింది.

గౌతమి గడియారం చూసి తలూపింది. కూర్మనాథం గారు ఊదారు. సున్నా. త్రినాథ్ లేచి, మిషను అందుకుని, ఊపిరంతా పోసేశాడు.

మిషను కిక్కురుమనలేదు. సున్నా.

కూర్మనాథం గారు జేబులోంచి తాళాలు తీసి త్రినాథ్ అరచేతిలో పెట్టి, ఆ చేతిని కాసేపు వదల్లేదు. "నీ మాట వినకుండా దీని మాట విన్నానోయ్. తప్పు నాదే" అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని కొత్త రూలు పెట్టారు. తరవాణి ట్రిప్పు ముందు కాదు, ట్రిప్పు దించి వచ్చాక. అప్పుడు ఆయనకీ ఒక గ్లాసు ఉంచాలి. ఇది విని డ్రైవర్లందరూ తమకీ ఉంచాలన్నారు, జగ్గమ్మ కుండ వంక చూసుకుని రేపటినుంచి పెద్ద కుండ పెట్టాలని లెక్కేసుకుంది.

ఆ పొద్దున్న త్రినాథ్ మొదటిసారి తరవాణి తడి లేని నోటితో బండి తీశాడు. కాలు క్లచ్చి మీదకి బాగానే వెళ్ళింది. గతుకు ఎదురైతే బస్సు తగ్గి దారిచ్చింది. వెనక సీట్లలో కాటుక భరిణెలు బయటికొచ్చాయి.

సాయంత్రం పెరట్లో మంచం మీద కూర్చుని త్రినాథ్ జరిగిందంతా మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాడు. టీకొట్టు వాళ్ళు తామే వచ్చి పలకరించి వెళ్ళారు. మనసు తేలికపడ్డాక ఉన్నట్టుండి తండ్రి గుర్తొచ్చాడు. బండిలో వెల్లకిలా పడుకుని చుక్కలు చూసుకుంటూ వచ్చే నూకయ్య. ఇన్నాళ్ళూ ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా తల దించుకునేవాడు. ఇవాళ నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు, కళ్ళల్లోంచి నీళ్ళుగా కారింది.

"ఏటి మావా, నీకు నువ్వే నవ్వుకుంతన్నావు?" అంది జగ్గమ్మ.

"మా అయ్య ఉండుంటే ఏటనీవోడో అని. తాగను తాగను అని ఒట్టెట్టి, పెళ్ళయిన కాడ్నుంచి తెల్లారి లెగిస్తే సాలు, పరగడుపున తాగీసి బండెక్కినాను గదే. ఆయనైతే సంతరోజే తాగీవోడు."

జగ్గమ్మ కుండలోకి బియ్యపు కడుగు వంచుతూ, తలెత్తకుండా అంది.

"నువ్వు తాగినావు సరే, పోసినదాన్ని నాను. నన్ను ఏ మిషనూ పట్టుకోనేదు సూడు."