తాత విగ్రహానికి బాపు పోలిక

నలుగురి ముందు పేరు చెప్పమంటే గొంతు ఎండిపోయే రోజులవి. (ఇప్పుడు మాత్రం ఏం మారింది, నీళ్ల సీసా వెంట ఉంచుకుంటున్నానంతే.) డిగ్రీ సెలవులకు నేను ఇంటికొచ్చిన ఆ వానాకాలం, కొత్తగూడ అడవిలో జలపాతం దాకా కొత్తగా వేసిన నడకదారి మొదట్లో మా తాత విగ్రహం పెడుతున్నారు. తాత అంటే మా నాయనమ్మకు అన్న. దొరలకు ఎదురుతిరిగి, పెళ్లికాకముందే ఆ అడవిలో తూటాకు పోయాడు. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఆయన్ని చూసినవాళ్లలో మిగిలింది మేం అవ్వ అని పిలిచే నాయనమ్మ ఒక్కతే.

శిల్పి మట్టితో తల చేసి మా అరుగు మీద పెట్టేవాడు. అవ్వ చాలాసేపు చూసి కాదనేది. మీసం పెంచాడు, కాదంది. దవడ తగ్గించాడు, కాదంది. చివరికి విసిగిపోయి, మేనల్లుడికి మేనమామ పోలిక రాకపోతుందా అని మా బాపునే, అంటే మా నాన్ననే, పీట మీద కూర్చోబెట్టాడు. బాపు మీసం దువ్వుకుని బిగుసుకు కూర్చున్నాడు గానీ లోపల పరేషానే.

"బతికుండంగనే నా మొకానికి దండేస్తరేందే అవ్వా?"

"నీకెవడేస్తడ్రా. మీ మామకేస్తరు" అంది అవ్వ. ఈసారి కాదనలేదు. అదే ఒప్పుకోలు అనుకున్నాం.

ఆవిష్కరణ రోజు ముసురు. దండలు పడ్డాక, కుటుంబం తరఫున మాట్లాడాలని మైకులో నా పేరు పిలిచారు. నేను మెల్లగా విగ్రహం వెనక్కి జారుకున్నాను. అక్కడ అవ్వ తడుస్తూ నిలబడి ఉంది.

"మొకం నాకు యాదికి లేదు బిడ్డా" అంది. "గీ తొవ్వల అన్న ముంగట నడిస్తే నేను ఎనుకవడి పోయేదాన్ని. ఆయన ఈపే నాకెరుక. గీడ సూస్తే ఏం చెయ్యనే లేదు."

నిజమే. ఎవరు చూస్తారులే అనుకున్నారేమో, వెనక నున్నగా మెత్తిన సిమెంటు తప్ప మెడ లేదు, భుజాలు లేవు.

ఎలా వెళ్లానో తెలియదు, మైకు ముందున్నాను. "తాతకు వీపు లేదు" అన్నాను. జనం గొల్లున నవ్వారు. నా ఉపన్యాసం అంతే.

శిల్పి మళ్లీ వచ్చాడు. ఈసారి బాపును గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. ఆ వానకు జ్వరం పట్టి మంచాన పడ్డ అవ్వ దగ్గరికి మట్టి నమూనా మోసుకెళ్లాం. అవ్వ చెయ్యి చాపి ఆ భుజాల మధ్య ఆనించి, చాలాసేపు తియ్యలేదు. విగ్రహం పూర్తయ్యేదాకా అవ్వ ఉండలేదు.

ఇప్పుడు అటు పోతే జనం విగ్రహం ముందు నిలబడి సెల్ఫీలు దిగుతుంటారు. నేను వెనక నిలబడతాను. సిగ్గుపడుతోందనుకుంటారు, అదీ అబద్ధం కాదు. ఆ రోజు మైకు దాకా నడిచిన పిల్ల మాత్రం మళ్లీ ఎక్కడా కనబడలేదు. కనబడితే, ఆ పిల్ల చేతిలో నీళ్ల సీసా పెడదామని ఉంది.