సెకండ్ హ్యాండ్ ర్యామ్

కూ, కూ, కూ. నారాయణగూడ షాపులో కౌంటర్ మీద పెట్టి స్విచ్ వేయగానే నా సీపీయూ ఇంట్లోలాగే మళ్ళీ మూడుసార్లు అరిచి ఊరుకుంది. మానిటర్ మీద ఒక్క అక్షరం లేదు.

“చూసినవా అన్నా, చూసినవా?” నేను దానికన్నా గట్టిగా అరిచాను. “పొద్దున నీ దగ్గర్నే కొన్న. చెడిపోయిన ర్యామ్ అంటగట్టినవ్. మోసం గాదా ఇది?”

కంప్యూటర్లు బాగుచేసే ఆ అన్నకు కోపం రాలేదు. అదే నాకింకా మండింది. “అక్కా, నీ ముంగటనే టెస్ట్ చేసి ఇచ్చిన గద. గింతల ఏమైతది దానికి?” అన్నాడు.

లాప్‌టాప్‌లు పట్టుకుని వరసలో నిలబడ్డ ఇద్దరు స్టూడెంట్లు సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు. మా అమ్మ నా పక్కనే ఉంది. ఆటోలో సీపీయూని ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది పాపం. “సెకండ్ హ్యాండ్‌ది వద్దని మొత్తుకున్న. ఇన్నదా?” అని షాపు మొత్తానికీ చెప్పింది.

నేనంత అరవడానికి కారణం ఉంది. చిక్కడపల్లిలో మా ఇంట్లోనే కూర్చుని నేను అశోక్ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌కి నోట్సు టైపు చేస్తాను. నా చదువు ఇంటర్ రెండో ఏడాదిలో ఆగిపోయింది. అలాంటిది, నేను టైపు చేసిన కాగితాలు చదివి రేపు ఎవరో ఎమ్మార్వో అవుతారంటే నాకు లోపల్లోపల భలే గర్వం. కానీ కంప్యూటర్ ముసలిదైపోయింది. ఫైలు వంద పేజీలు దాటిందంటే, అక్షరం కొట్టి, వెళ్ళి టీ పెట్టుకుని వచ్చినా అది తెర మీదికి వచ్చేది కాదు. నిన్న కోచింగ్ సారు ఫోన్ చేసి, “ఏమ్మా, ఎల్లుండి పొద్దున పదింటికి ఫైలు జిరాక్సుకు పోవాలె. నీతోని కాకపోతే చెప్పు, వేరేటోళ్ళకు ఇస్త” అన్నారు. వేరేవాళ్ళకా! నా నోట్సా! ఇంకా ముప్పై పేజీలు మిగిలి ఉన్నాయి.

అందుకే ఈ రోజు షాపు తెరవగానే వచ్చాను. లోపలి మదర్‌బోర్డు పాతది కాబట్టి దానికి సరిపడే కొత్త ర్యామ్ దొరకదని, సెకండ్ హ్యాండ్‌ది ఉందని అన్న చెప్పాడు. ఉన్న నాలుగు జీబీ పక్కన ఇంకో నాలుగు జీబీ పెడితే ఉరుకుతుందట. “సీపీయూ తీస్కరా, నేనే పెట్టిస్త” అని కూడా అన్నాడు. అంత బరువు మోయడం దేనికి, ఫోన్‌లో వీడియో చూసి నేనే పెట్టుకుంటానన్నాను.

ఇప్పుడు అన్న డబ్బా పక్క రేకు తీసి, రెండు ర్యామ్‌లూ ఊడబీకి లైటు కింద పెట్టి చూశాడు. వేలితో రుద్దాడు. వేలిని వాసన చూశాడు.

“అక్కా, దీనికి పసుపు ఎందుకున్నది?”

చెప్పక తప్పలేదు. మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా బొట్టు పెట్టాకే వాడతాం. ఫ్రిజ్‌కి, మిక్సీకి, ఆఖరికి గ్యాస్ సిలిండర్‌కి కూడా. ఇక సెకండ్ హ్యాండ్ అంటే అమ్మ ఊరుకుంటుందా? “ఎవరింట్ల వాడిన్రో ఏమో. బొట్టు పెట్టందే లోపల పెట్టకు” అంది. ఆ ఆకుపచ్చ పట్టీ మీద బొట్టు ఆనలేదు. కింద అంచు పొడుగునా మాత్రం బంగారు రంగు గీతలు సన్నగా, వరసగా ఉన్నాయి. చూడగానే నాకు అచ్చం మా గడప గుర్తొచ్చింది. పసుపు తడిపి ఆ అంచుకు రెండు వైపులా నున్నగా పూశాను. దాని మీద సమానంగా దూరం చూసుకుని కుంకుమ బొట్లు పెట్టాను. ఎంత ముద్దొచ్చిందంటే ఫోటో కూడా తీశాను. తర్వాత పాతది చిన్నబుచ్చుకుంటుందేమోనని దానికీ పూశాను.

అన్న ఆ ర్యామ్ అంచును నా కళ్ళ ముందుకు తెచ్చాడు.

“అక్కా,” అన్నాడు అన్న మెల్లగా, “కరెంటు పోయేదే ఆ బంగారు గీతలకెల్లి.”

“ర్యామ్‌కు పెండ్లి చేసిన్రా అక్కా?” అన్నాడు ఒక స్టూడెంటు.

“రెండున్నయ్ గదరా. జంటకు చేసిన్రు” అన్నాడు రెండోవాడు.

నేను అమ్మ వైపు చూశాను. “నన్నేం చూస్తవే? నేను ఒక్క బొట్టు పెట్టమన్న. గడప లెక్క అలకమన్ననా?”

అన్న మాత్రం నవ్వలేదు. డబ్బాలోకి టార్చి కొట్టి చూస్తున్నాడు. “ర్యామ్ పెట్టే స్లాట్లలకు తడి పోయింది. బోర్డు ఉన్నదో పోయిందో ఆరినంక చూడాలె.”

నేను కౌంటర్ మీదికి వంగాను. “అన్నా, బోర్డు పోతే నా ఫైలు?”

“ఫైలుకేం గాదు. అది హార్డ్ డిస్క్‌ల ఉంటది. కానీ రేపటివరకు టైపు దేని మీద చేస్తవ్?”

అదే కదా! ఇందాకటి నుంచి అరిచిన నోరు మూసుకుని బుద్ధిగా స్టూలు మీద కూర్చున్నాను. ఒక స్టూడెంటు బ్యాగులోంచి పెన్సిల్ రబ్బరు తీసిచ్చాడు. అన్న చూపించినట్టు ఆ బంగారు గీతలను రబ్బరుతో మెల్లగా రుద్దాను. తెల్ల రబ్బరు కాస్తా పసుపుకొమ్ములా తయారైంది. అన్న స్పిరిట్‌లో బ్రష్ ముంచి స్లాట్లు కడిగాడు. ఆరడానికి గంట పట్టింది. ఆ గంటలో నేను మొక్కని దేవుడు లేడు. అన్న ర్యామ్‌లు మళ్ళీ పెడుతుంటే అమ్మ చెయ్యి మెల్లగా తన పర్సులోకి పోయింది.

“పెద్దమ్మా,” అన్నాడు అన్న తలెత్తకుండానే, “ఆ కుంకుమ పొట్లం లోపలనే ఉండనియ్యి.”

స్విచ్ వేశాడు. ఈసారి ఒక్కటే చిన్న కూత. మానిటర్ వెలిగింది. ఎనిమిది జీబీ అని చూపించింది. నేను చప్పట్లు కొట్టాను, స్టూడెంట్లు కూడా కొట్టారు.

“అన్నా, మోసమన్న గద. ఏమనుకోకే.”

“ఏమనుకోను గానీ, ఆ ఫోటో పంపియ్యి. ఈడ గోడకు అంటిస్త.”

ఇంటికొచ్చి కూర్చుంటే, నేను కొట్టడం ఆలస్యం, అక్షరాలు టపటపా పడ్డాయి. రాత్రి అన్నాలవేళకల్లా ముప్పై పేజీలూ అయిపోయాయి.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకే అశోక్ నగర్ వెళ్ళి సారుకి పెన్ డ్రైవ్ ఇచ్చాను. ఆయన తలెత్తకుండా, “కిందికి పోయి జిరాక్స్ ఆయనకే ఇయ్యమ్మా. వచ్చే వారానికి ఇంకోటి ఉంది, తీస్కపో” అన్నారు. ఇంకోటి! ఆ ఊపులో జిరాక్స్ షాపులోనే నిలబడి, వేడి వేడి పేజీలు ఒక్కొక్కటీ బయటికి వస్తుంటే చూస్తూ ఉండిపోయాను. వచ్చినన్ని పేజీలు తీసుకుని తిప్పుతున్న ఒక హాస్టల్ అమ్మాయికి, అడక్కపోయినా, “ఇది నేనే చేసిన” అని చెప్పేశాను.

“అట్లనా మేడమ్? అయితే ఈ ప్రశ్నకు జవాబు బీనా, సీనా?”

నన్ను మేడమ్ అన్నది జీవితంలో ఆ పిల్లే మొదలు. కాదని ఎట్లా అంటాను? జవాబులుండే చివరి పేజీలు ఇంకా మిషన్‌లోంచి రాలేదు. “సీ” అన్నాను ధైర్యంగా. ఆ పిల్ల పెన్నుతో టిక్కు పెట్టుకుని, థాంక్యూ మేడమ్ అని వెళ్ళిపోయింది. రెండు నిమిషాలకు జవాబుల పేజీ వచ్చింది. బీ.

మూడు టీ కొట్లు, ఒక పుస్తకాల షాపు వెతికాను. చివరికి ఇడ్లీ బండి దగ్గర దొరికింది. ఆయాసపడుతూనే ఆ పిల్ల చేతిలో కాగితం లాక్కుని, సీ మీది టిక్కు కొట్టేసి బీకి పెట్టాను.